జరిమానా సొమ్ము, కోర్టు ఖర్చు: అమెరికా మునిసిపల్ కోర్టు ఎలా నడుస్తుంది? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లలో ఎక్కువమంది తొక్కే మొదటి కోర్టు గడప మునిసిపల్ కోర్టుదే. స్పీడు టికెట్టు కావచ్చు, స్టాప్ సైన్ దగ్గర బండి పూర్తిగా ఆపకపోవడం కావచ్చు, ఇంటి ముందు గడ్డి ఏపుగా పెరిగిందని సిటీ పంపిన నోటీసు కావచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి ఊపిరి పీల్చుకుంటాం. ఆ డబ్బు ఎవరి ఖాతాలోకి పోయింది, ఆ జడ్జిని ఎవరు నియమించారు, కౌంటరు వెనక ఉన్న క్లర్కు ఎవరికి జవాబుదారీ అన్నవి అడగం. అడగాలి. ఈ కోర్టు బడ్జెట్టు ఏటా మన సిటీ హాల్లోనే, మన కళ్లముందే తయారవుతుంది.

మునిసిపల్ కోర్టుల విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. అందుకని టెక్సాస్‌ను ఆధారం చేసుకుని చెబుతాను. అవసరమైన చోట మిజోరీ, ఒహాయో, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల ప్రస్తావన తెస్తాను.

ముందు పరిధి. టెక్సాస్‌లో నగరంగా ఏర్పడిన ప్రతి ఊరికీ చట్టమే ఒక మునిసిపల్ కోర్టును ఇచ్చింది. ఇలాంటివి రాష్ట్రంలో 900కు పైగా ఉన్నాయి. ఊరి ఆర్డినెన్సుల, అంటే సిటీ కౌన్సిల్ చేసే స్థానిక చట్టాల ఉల్లంఘనలూ, క్లాస్ సి నేరాలూ ఇక్కడికి వస్తాయి. క్లాస్ సి అంటే జరిమానా తప్ప జైలు శిక్ష లేనివి, గరిష్ఠం 500 డాలర్లు. ఆర్డినెన్సుల్లో అగ్నిమాపక భద్రత, జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడాలన్న నియమాలు), ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం లాంటి వాటికి 2,000 డాలర్ల దాకా, చెత్తను అక్రమంగా పారబోస్తే 4,000 దాకా వేయొచ్చు. దీనికి తోడు ఈ జడ్జి మేజిస్ట్రేటు కూడా. అరెస్టయినవాళ్లకు హక్కులు చదివి వినిపించడం, బెయిలు నిర్ణయించడం, సోదా వారంటుపై సంతకం చేయడం ఆయన పనే. పెద్ద నేరమైనా మొదటి కొన్ని గంటల్లో ఈ చిన్న కోర్టు జడ్జి ముందుకే రావచ్చు. చిన్న కేసుల కోర్టు కదా అని తేలిగ్గా తీసుకోకూడదనడానికి ఇదొక కారణం.

ఇప్పుడు డబ్బు సంగతి. ఒక ట్రాఫిక్ టికెట్టుకు మీరు మొత్తం 200 డాలర్లు కట్టారనుకుందాం. అంతా సిటీకే పోతుందనుకుంటారు చాలామంది. లెక్క విప్పి చూద్దాం.

అందులో 62 డాలర్లు రాష్ట్ర ఏకీకృత రుసుము, అంటే పలు రుసుములను ఒకటిగా కలిపినది. 2020 జనవరి 1 నుంచి జరిగిన నేరాలకు ఇదే మొత్తం. 50 డాలర్లు రాష్ట్ర ట్రాఫిక్ జరిమానా. 2019లో దీన్ని 30 నుంచి 50కి పెంచారు. 14 డాలర్లు స్థానిక ఏకీకృత రుసుము. 3 డాలర్లు స్థానిక ట్రాఫిక్ జరిమానా. ఇవన్నీ కలిపితే 129. మిగిలిన 71 డాలర్లే జడ్జి వేసిన అసలు జరిమానా. వసూలు చేసిపెట్టినందుకు, గడువులోగా జమ చేస్తే, ఆ 62లో పది శాతం, అంటే 6 డాలర్ల 20 సెంట్లు సిటీ అట్టిపెట్టుకోవచ్చు. 50లో నాలుగు శాతం, అంటే 2 డాలర్లు కూడా. ఇప్పుడు కూడండి: సిటీకి 96 డాలర్ల 20 సెంట్లు, రాష్ట్రానికి 103 డాలర్ల 80 సెంట్లు. మీరు సిటీ కిటికీ దగ్గర కట్టిన డబ్బులో సగానికి పైగా ఆస్టిన్‌లోని ఖజానాకు చేరింది.

రాష్ట్రం తన వాటాను నేరబాధితుల పరిహారం, పేద నిందితుల న్యాయ సహాయం, ట్రామా ఆసుపత్రులు, జడ్జీల, కోర్టు సిబ్బంది శిక్షణ లాంటి వాటికి పంచుతుంది. మంచి పనులే. కానీ వాటి ఖర్చును పన్నుల మీద కాకుండా టికెట్టు పడినవాడి మీద వేశారు. ఆ టికెట్టు పడినవాడు వారాంతపు కూలీ అయినా, లక్షల జీతగాడైనా రుసుము ఒక్కటే. ఇది నాకు సమ్మతం కాని విధానం, ఆ మాట దాచుకోను.

సిటీ దగ్గర మిగిలిన 14 డాలర్ల స్థానిక రుసుము కూడా ఇష్టం వచ్చినట్టు వాడుకునేది కాదు. చట్టమే దాన్ని నాలుగు ముక్కలు చేసింది. 5 డాలర్లు దారితప్పే పిల్లల కేసులు చూసే నిధికి, 4 డాలర్ల 90 సెంట్లు కోర్టు భవన భద్రతకు, 4 డాలర్లు టెక్నాలజీకి, 10 సెంట్లు జ్యూరీ నిధికి. భద్రతా నిధితో మెటల్ డిటెక్టర్ కొనొచ్చు, బెయిలిఫ్ (కోర్టు గది భద్రత చూసే ఉద్యోగి) జీతం ఇవ్వొచ్చు. పోలీసు పెట్రోలింగ్ కారు కొనకూడదు. టెక్నాలజీ నిధితో కోర్టు సాఫ్ట్‌వేరు, స్కానర్లు కొనొచ్చు. సిటీ హాలు మొత్తానికి కంప్యూటర్లు కొనకూడదు. ఆడిటర్లు ఎక్కువగా తప్పు పట్టేది ఇక్కడే. చిన్న ఊళ్లలో ఈ నిధులన్నీ ఒకే బ్యాంకు ఖాతాలో ఉంటాయి, ఖాతా పుస్తకంలో విడిగా చూపరు, రెండేళ్లకు ఏది దేనిదో తెలియదు. ఖాతా ఒకటే అయినా పద్దులు వేరుగా ఉండాలి. ఆ పని క్లర్కుకూ, ఫైనాన్సు శాఖకూ ఉమ్మడి బాధ్యత.

ఇంకో సంగతి. ఎవరైనా 200 డాలర్లను నెలకు 25 చొప్పున కడితే, ముందుగా జమయ్యేది కోర్టు ఖర్చులకు. జరిమానా భాగం చివర్లో. అంటే ఆ మనిషి మధ్యలో కట్టడం ఆపేస్తే నష్టపోయేది సిటీ వాటా. ఆ చివరి ముక్క కోసమే సిటీలు వారంటు దాకా పోతాయి. అప్పు మీద అప్పు ఎలా పెరుగుతుందో చూడండి: వారంటు అమలు చేస్తే 50 డాలర్లు, లైసెన్సు పునరుద్ధరణ ఆపించే పద్ధతిలో పెడితే 10 డాలర్లు, 60 రోజులు దాటిన బాకీని ప్రైవేటు వసూలు సంస్థకు అప్పగిస్తే మొత్తం మీద 30 శాతం.

మూడు నెలలకోసారి, ఆ త్రైమాసికం తర్వాతి నెల ఆఖరు తేదీలోగా, రాష్ట్ర కంప్ట్రోలర్‌కు (రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే అధికారికి) లెక్క పంపాలి. ఆలస్యమైతే ఇందాక చెప్పిన పది శాతం పోతుంది. కేసుల సంఖ్యలు నెలనెలా రాష్ట్ర కోర్టుల పరిపాలనా కార్యాలయానికి వెళ్లాలి. ట్రాఫిక్ కేసులో శిక్ష పడితే ఏడు రోజుల్లో రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ శాఖకు తెలియజేయాలి. ఒకే క్లర్కు ఉన్న ఊళ్లో ఆవిడ నాలుగు రోజులు సెలవు పెడితే ఈ మూడూ ఆగుతాయి. అందుకే ఎంత చిన్న కోర్టులోనైనా ఈ పనులు తెలిసిన రెండో మనిషి ఉండాలని పట్టుబట్టాలి.

మరి కోర్టు నడవడానికి డబ్బు ఎక్కడిది? ఇక్కడే పెద్ద అపోహ. జరిమానాలతో కోర్టు నడుస్తుందనుకుంటారు. కాగితం మీద అలా ఉండదు. జరిమానా సొమ్ము సిటీ సాధారణ నిధిలో పడుతుంది. ఆస్తిపన్ను, అమ్మకపు పన్ను కూడా అదే నిధిలో పడతాయి. ఆ నిధి నుంచి కౌన్సిల్ ప్రతి శాఖకూ కేటాయించినట్టే కోర్టుకూ కేటాయిస్తుంది. కోర్టు ఖర్చులో సింహభాగం జీతాలే. తర్వాత సాఫ్ట్‌వేరు చందా, దుబాసీల ఫీజు, జ్యూరర్ల చెల్లింపు, పోస్టేజీ. కేటాయింపు ఒక పద్దు, రాబడి వేరే పద్దు. ఈ రెండింటికీ మధ్య గీత చెరిగిపోకుండా చూడటమే మునిసిపల్ కోర్టు పాలనలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. "మీ శాఖ ఖర్చు ఇంత, తెచ్చింది ఇంతేనా?" అని బడ్జెట్టు సమావేశంలో ఎవరైనా కోర్టును అడిగితే ఆ గీత చెరిగిపోయినట్టే. అంపైరుకు వికెట్ల లెక్కన జీతమిస్తే ఆట ఏమవుతుందో కోర్టూ అదే అవుతుంది.

ఈ మాట అమెరికా సుప్రీంకోర్టు 1927లోనే చెప్పింది. ఒహాయోలోని నార్త్ కాలేజ్ హిల్ అనే ఊళ్లో మేయరే జడ్జి. మద్యనిషేధం రోజులు. నిందితుడికి శిక్ష పడితేనే మేయరుకు ఖర్చుల కింద డబ్బు వస్తుంది, వదిలేస్తే రాదు. టూమీ అనే వ్యక్తి కేసులో 100 డాలర్ల జరిమానా పడింది, మేయరుకు దక్కింది 12 డాలర్లు. ఆ తీర్పు చెల్లదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. 1972లో అదే ఒహాయోలోని మన్రోవిల్ గ్రామం కేసు వచ్చింది. అక్కడ మేయరు జేబులోకి పైసా పోలేదు. కానీ గ్రామం ఆదాయంలో కొన్నేళ్లు మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా మేయరు కోర్టు జరిమానాలే. గ్రామం ఖజానా బాధ్యత మేయరుదే కాబట్టి ఆయన నిష్పక్షపాతంగా ఉండలేడని కోర్టు తేల్చింది. నా దృష్టిలో ఈ రెండో తీర్పే పెద్దది. సొంత లాభం లేకపోయినా, ఊరి ఖజానా నింపే బాధ్యత కూడా తీర్పు చెప్పేవాడి మీద ఉంటే చాలు, న్యాయం వంకర పోతుంది.

టెక్సాస్ చట్టం ఈ దిశగా కొన్ని అడ్డుకట్టలు వేసింది. విచారణ మాటమాటా నమోదయ్యే రికార్డు కోర్టుల్లో జడ్జి జీతాన్ని వసూలైన జరిమానాలతో నేరుగా గానీ పరోక్షంగా గానీ ముడిపెట్టకూడదు. పోలీసులకు టికెట్ల కోటా పెట్టకూడదు. టికెట్ల సంఖ్యను బట్టి ప్రమోషన్ ఇవ్వకూడదు. ఇంత కాలంలో ఇంత సొమ్ము వసూలు చేయాలని జడ్జికి చెప్పకూడదు, సూచించను కూడా కూడదు. అదే చట్టంలో ఇంకో వాక్యం ఉంది: రాబోయే ఏడాది ఎంత రావచ్చో అంచనా ఇమ్మని కోర్టును అడగొచ్చు. అంచనాకూ లక్ష్యానికీ మధ్య ఉన్నది సన్నని గీత. జూన్‌లో అంచనాగా రాసిన అంకె మార్చిలో "మనం వెనకబడ్డాం" అన్న మాటగా మారితే, కాగితం మీద ఎవరూ కోటా పెట్టకుండానే కోటా వచ్చేసింది.

చిన్న ఊళ్లకు మరో హద్దు ఉంది. 5,000 లోపు జనాభా ఉన్న సిటీ, ట్రాఫిక్ జరిమానాల ద్వారా తన ముందటి ఏడాది రాబడిలో 30 శాతం దాకానే ఉంచుకోవచ్చు. ఫెడరల్ నిధులు, బాండ్ల సొమ్ము ఆ రాబడి లెక్కలోకి రావు. 30 శాతం దాటాక ప్రతి జరిమానాలో ఒక డాలరు మినహా మిగతాది రాష్ట్రానికి పంపాలి. హైవే మీద వేగ పరిమితి ఒక్కసారిగా తగ్గే ఊళ్లు మీకు తెలిసే ఉంటాయి. ఈ నియమం వాటి కోసం పుట్టిందే.

మిజోరీలో ఇలాంటి నియమానికి మాక్స్ క్రీక్ అనే పల్లె పేరు పడింది. 1995లో వచ్చిన ఆ చట్టం ఊరి ఆదాయంలో ట్రాఫిక్ సొమ్ము వాటాను 45 శాతానికి పరిమితం చేసింది. తర్వాత దాన్ని 35కి, ఆపై 30కి తగ్గించారు. చట్టం ఉండగానే అదే రాష్ట్రంలోని ఫెర్గూసన్ అనే ఊరి ఉదంతం జరిగింది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మునిసిపల్ కోర్టు నిర్మాణం తప్పితే ఏమవుతుందో అంత స్పష్టంగా చూపిన కాగితం మరొకటి లేదు.

2014 ఆగస్టులో ఆ ఊళ్లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాక, ఫెడరల్ న్యాయశాఖ ఫెర్గూసన్ పోలీసులను, కోర్టును కలిపి పరిశీలించింది. 2015 మార్చిలో నివేదిక ఇచ్చింది. 21,000 మంది ఉన్న ఊరు. 2010లో జరిమానాలు, రుసుములు 13 లక్షల 80 వేల డాలర్లు. 2015 బడ్జెట్టులో ఆశించినది 30 లక్షల 90 వేలు. సాధారణ నిధి మొత్తం 1 కోటి 32 లక్షల 60 వేలు. అంటే ప్రతి 100 డాలర్లలో 23 కోర్టు తేవాలి. గమనించండి, ఇది అప్పటి 30 శాతం హద్దుకు లోపలే ఉంది. చట్టాన్ని దాటకుండానే అంత దారుణం జరిగింది.

సంస్థాగతంగా చూస్తే, అక్కడ కోర్టు పోలీసు శాఖలో భాగం. పోలీసు స్టేషన్ భవనంలోనే ఉంది. కోర్టు సిబ్బంది పోలీసు చీఫ్ కింద పనిచేస్తారు. రోజువారీ నిర్ణయాల్లో జడ్జి కన్నా క్లర్కుది పెద్ద పాత్ర. టికెట్టు రాసేవాడు, దాన్ని విచారించే కార్యాలయం, ఆదాయం అడిగే ఫైనాన్సు శాఖ, ముగ్గురూ ఒకే గొలుసు. వాయిదాకు రాకపోతే అదొక కొత్త నేరం, కొత్త జరిమానా, ఆపైన వారంటు. 2013 ఒక్క ఏడాదిలోనే 9,000కు పైగా వారంట్లు జారీ అయ్యాయి. నివేదికలో ఒక మహిళ ఉదంతం ఉంది. 2007లో కారు తప్పు చోట పార్క్ చేసినందుకు 151 డాలర్లు, ఆపైన రుసుములు. వాయిదాలు తప్పింది, అరెస్టయింది, ఆరు రోజులు జైల్లో ఉంది. 2014 డిసెంబరు నాటికి 550 డాలర్లు కట్టింది. ఇంకా 541 బాకీ ఉంది.

దాని తర్వాత మిజోరీ 2015లో హద్దును 20 శాతానికి దించింది. సెయింట్ లూయీ కౌంటీకి మాత్రం 12.5 శాతం పెట్టింది. ఒక్క కౌంటీకే వేరే నియమం చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో అనడంతో 20 శాతమే అందరికీ నిలిచింది. శాతాల మీద హద్దు అవసరమే. కానీ ఫెర్గూసన్ నేర్పేది వేరే: క్లర్కు ఎవరి కింద పనిచేస్తాడన్నది శాతం కన్నా ముందు చూడాల్సిన విషయం.

కాబట్టి మనుషుల దగ్గరికి వద్దాం.

జడ్జి. టెక్సాస్‌లో ఎక్కువ ఊళ్లలో కౌన్సిల్ నియమిస్తుంది. పదవీకాలం మామూలుగా రెండేళ్లు, చార్టర్ (సిటీ మూల నియమావళి) అనుమతిస్తే నాలుగు దాకా. గడువు ముగిసి, కౌన్సిల్ ఏ నిర్ణయమూ తీసుకోకుండా 91వ రోజు వచ్చేస్తే అదే జడ్జి మరో కాలం కొనసాగుతారు. కౌన్సిల్ గొడవల్లో పడి కోర్టు ఖాళీగా ఉండకూడదని పెట్టిన ఏర్పాటు అది. చాలా చోట్ల ఇది పార్ట్‌టైం పని. వారానికి ఒకటి రెండు పూటలు డాకెట్ (ఆ రోజు కేసుల జాబితా) నడిపి, మిగతా రోజుల్లో సొంత ప్రాక్టీసు చేసుకునే వకీళ్లు ఎక్కువ. పెద్ద నగరాల్లో ప్రిసైడింగ్ జడ్జి, ఆయన కింద అసోసియేట్ జడ్జీలు ఉంటారు.

జడ్జి వకీలే అయి ఉండాలా? ఇది కోర్టు రకాన్ని బట్టి ఉంటుంది. రికార్డు కోర్టు అంటే విచారణ మాటమాటా రికార్డయ్యేది. దాని జడ్జికి లైసెన్సు, కనీసం రెండేళ్ల ప్రాక్టీసు ఉండాలి. రికార్డు కాని కోర్టులో లా పట్టా లేనివాళ్లు కూడా కూర్చోవచ్చు. వాళ్లు మొదటి ఏడాది 32 గంటలు, తర్వాత ఏటా 16 గంటలు శిక్షణ తీసుకోవాలి. ఈ తేడా మీకెందుకంటే, అప్పీలు దీని మీదే ఆధారపడి ఉంటుంది. రికార్డు కాని కోర్టులో ఓడితే పది రోజుల్లో అప్పీలు బాండు (హామీ) పెట్టాలి. అది జరిమానా, ఖర్చులకు రెట్టింపు, కనీసం 50 డాలర్లు. అప్పుడు కౌంటీ కోర్టులో కేసు మొదటి నుంచి కొత్తగా నడుస్తుంది. రికార్డు కోర్టులో అయితే కొత్త విచారణ ఉండదు, కింది కోర్టు చేసిన చట్టపరమైన తప్పులను రికార్డులో చూపించాలి. సిటీ తన కోర్టును రికార్డు కోర్టుగా మార్చుకుంటే రికార్డింగు పరికరాలు, లైసెన్సు ఉన్న జడ్జి, రికార్డు తయారీ ఖర్చు పెరుగుతాయి. కానీ పోట్లాడాలనుకున్న ప్రతివాడూ కేసును కౌంటీకి ఎత్తుకుపోయే అలవాటు ఆగుతుంది.

ప్రాసిక్యూటరు సిటీ అటార్నీ (సిటీ తరఫు వకీలు) గానీ ఆయన సహాయకుడు గానీ. పోలీసు అధికారే వాదించే పద్ధతి ఇక్కడ లేదు. శిక్ష వేయించడం తన ప్రథమ కర్తవ్యం కాదనీ, న్యాయం జరిగేలా చూడటమేననీ చట్టమే ప్రాసిక్యూటరుకు చెబుతుంది. నిందితుడికి మాత్రం ఉచిత వకీలు దొరకడు. జైలు శిక్ష లేని కేసు కాబట్టి. అందుకే ప్రాసిక్యూటరు నిజాయితీ ఈ కోర్టులో మామూలుకన్నా ఎక్కువ బరువు మోస్తుంది. జ్యూరీ కావాలంటే ఆరుగురితో వస్తుంది, తీర్పు ఏకగ్రీవంగా ఉండాలి.

ఇక క్లర్కు. కోర్టు నిజంగా నడిచేది ఈ బల్ల మీద. టికెట్టు పోలీసు పరికరం నుంచి కోర్టు సాఫ్ట్‌వేరులోకి వస్తుంది. క్లర్కు కేసు నంబరు వేసి, పేరు, పుట్టిన తేదీ, నేరం కోడు సరిచూసి, హాజరు తేదీ పెడతారు. నిందితుడు నేరం ఒప్పుకుంటే, లేదా ఒప్పుకోకుండానే కేసును ఎదిరించనంటే టికెట్టే ఫిర్యాదుగా చెల్లుతుంది. నేరం చేయలేదంటే ప్రమాణపూర్వకమైన ఫిర్యాదు పత్రం విడిగా దాఖలు చేయాలి. చాలా కేసులు పడిపోయేది ఇక్కడే. ఆ పత్రంలో తేదీ తప్పో, ఊరి హద్దుల్లో జరిగిందన్న మాట లేకపోవడమో ఉంటుంది. క్లర్కులకు రాష్ట్రంలో మూడు స్థాయిల సర్టిఫికేషన్ ఉంది. మూడో స్థాయి పూర్తిచేసినవాళ్లకు జీతం పెంచే సిటీలు తెలివైనవి.

కౌంటరు దగ్గర నియమాలు కఠినంగా ఉండాలి. డబ్బు తీసుకున్న మనిషి ఆ ఎంట్రీని రద్దు చేయగలగకూడదు. రద్దుకు రెండో సంతకం కావాలి. ప్రతి క్యాషియరు డ్రాయరూ వేరు, సాయంత్రం రశీదులతో సరిపోవాలి. కేసు కొట్టేసినట్టు, జరిమానా తగ్గించినట్టు ఎంట్రీ వేస్తే దాని వెనక జడ్జి సంతకం ఉన్న ఆర్డరు ఉండాలి. చిన్న కోర్టుల్లో డబ్బు మాయమైన కేసుల్లో మామూలుగా కనపడే దారి ఇదే: నగదు తీసుకుని, కేసు డిస్మిస్ అయినట్టు కంప్యూటరులో కొట్టడం. నెలకోసారి డిస్మిస్ అయిన కేసుల జాబితాను జడ్జి ఆర్డర్లతో ఫైనాన్సు శాఖ పోల్చి చూస్తే ఇది ఎన్నాళ్లూ దాగదు. వాయిదాకు వస్తానన్న హామీగా కట్టే నగదు బాండు సొమ్ము మరో జాగ్రత్త. అది సిటీది కాదు, జప్తు అయ్యేదాకా కట్టినవాడిదే. దాన్ని రాబడిలో కలపకూడదు.

డబ్బు పోవడం కన్నా ఘోరమైన పొరపాటు ఇంకోటుంది. వారంటు ఉన్న మనిషి శుక్రవారం రాత్రి ఆన్‌లైన్‌లో మొత్తం కట్టేస్తాడు. కోర్టు సాఫ్ట్‌వేరులో బాకీ సున్నా అవుతుంది. పోలీసులు చూసే వారంట్ల జాబితా వేరే వ్యవస్థ. అందులోంచి తీసేసే పని సోమవారం ఒక మనిషి చేతితో చేయాలి. ఆదివారం ఎక్కడో బండి ఆపితే బేడీలు పడతాయి. దీనికి మందు కష్టమైనదేమీ కాదు. రెండు వ్యవస్థల మధ్య ఆటోమేటిక్ అనుసంధానం, అది లేకపోతే రోజూ రెండు జాబితాలను పోల్చడం, వారాంతంలో కూడా పోలీసు డిస్పాచ్ (కంట్రోల్ రూము) ఫోన్ చేసి నిర్ధారించుకోగల మనిషి. కోర్టు నిర్వహణ ఎలా ఉందో తెలుసుకోవాలంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: డబ్బు కట్టిన ఎన్ని గంటల్లో వారంటు జాబితా నుంచి పోతుంది?

కట్టలేనివాళ్ల సంగతి. 1971లో హ్యూస్టన్ నుంచే ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 425 డాలర్ల ట్రాఫిక్ జరిమానాలు కట్టలేని పేదవాడిని రోజుకు 5 డాలర్ల లెక్కన 85 రోజులు జైల్లో పెట్టమన్నారు. పేదరికాన్ని కారణం చేసి జరిమానాను జైలుగా మార్చకూడదని తీర్పు వచ్చింది. 2017లో టెక్సాస్ చట్టాన్ని ఇంకా బిగించింది. జరిమానా వేసేటప్పుడే కట్టే స్తోమత ఉందా అని జడ్జి అడగాలి. లేకపోతే వాయిదాల్లో కట్టనివ్వొచ్చు, సమాజసేవ ఇవ్వొచ్చు, కొంత లేదా మొత్తం మాఫీ చేయొచ్చు. సమాజసేవకు ఎనిమిది గంటలకు కనీసం 100 డాలర్లు జమ వేయాలి. తీర్పు తర్వాత బాకీకి అరెస్టు ఉత్తర్వు ఇవ్వాలంటే ముందు విచారణకు పిలవాలి. ఆచరణలో ఇబ్బంది ఏమిటంటే, ఆన్‌లైన్‌లో కట్టేవాళ్లను ఎవరూ ఈ ప్రశ్న అడగరు. అప్పు చేసి కట్టేస్తారు. అందుకే వెబ్‌సైటు మొదటి పేజీలోనే, చెల్లింపు బటన్ పక్కనే, కట్టలేకపోతే ఏం చేయాలో రాసి ఉండాలి. దుబాసీ ఉచితమన్న మాట కూడా, ఊళ్లో మాట్లాడే భాషల్లో.

ఈ ఏర్పాటు మొత్తాన్నే మార్చుకున్న రాష్ట్రాలూ ఉన్నాయి. కాలిఫోర్నియా 1997 చట్టంతో విచారణ కోర్టుల ఖర్చును రాష్ట్రం మీదికి తెచ్చింది. 1998 జూన్‌లో ప్రజల ఓటుతో మునిసిపల్ కోర్టులను సుపీరియర్ కోర్టుల్లో కలపడానికి దారి వేసింది. 2001 తొలినాళ్లకు 58 కౌంటీల్లోనూ విలీనం పూర్తయింది. న్యూజెర్సీ మునిసిపల్ కోర్టులను ఉంచుకుంది. అక్కడ జడ్జికి మూడేళ్ల పదవీకాలం. 2018లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కమిటీ 49 సిఫార్సులు చేసింది. జరిమానా ఆదాయం జడ్జి పునర్నియామకం మీద నీడ వేయకూడదన్నది వాటి సారాంశంలో ముఖ్యమైనది. చిన్న కోర్టులు కలిసిపోవాలన్నది మరొకటి. నా అభిప్రాయం అడిగితే, పక్కపక్క ఊళ్లు రెండు మూడు కలిసి ఒకే జడ్జిని, ఒకే క్లర్కు కార్యాలయాన్ని పెట్టుకోవడం మంచిది. పూర్తికాలపు జడ్జిని పెట్టుకోగల స్తోమత వస్తుంది, ఏ ఒక్క కౌన్సిల్ కూడా ఆయన్ను గుప్పిట్లో పెట్టుకోలేదు.

మీ ఊరి కోర్టును ఎలా చూడాలో చెప్పి ముగిస్తాను. టెక్సాస్‌లో ఎక్కువ సిటీల ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ప్రతిపాదిత బడ్జెట్టు సిటీ వెబ్‌సైటులో ఉంటుంది, బహిరంగ విచారణ జరుగుతుంది, మూడు నిమిషాలు మీరూ మాట్లాడొచ్చు. బడ్జెట్టు పుస్తకంలో సంస్థాగత పటం తెరవండి. కోర్టు పెట్టె పోలీసు శాఖ కింద ఉందా, ఫైనాన్సు కింద ఉందా, కౌన్సిల్‌కు నేరుగా ఉందా? లెక్కలు ఫైనాన్సు చూడటం మంచిదే, కానీ వాయిదాలు, వారంట్లు, పత్రాల విషయంలో క్లర్కు వినాల్సింది జడ్జి మాటే. తర్వాత సాధారణ నిధి రాబడుల్లో జరిమానాల పద్దు చూడండి. గత మూడేళ్ల వాస్తవ వసూళ్ల కన్నా వచ్చే ఏడాది అంచనా ఎక్కువ ఉంటే, ఎందుకని అడగండి. కొత్త ట్రాఫిక్ అధికారుల పోస్టులకు ఆ అంచనా నుంచే జీతం చూపిస్తే గట్టిగా అడగండి. ఆపైన భద్రతా, టెక్నాలజీ నిధుల నిల్వలు. ఏళ్ల తరబడి పెరుగుతూ పోతుంటే, ఆ డబ్బు ఎందుకు తీసుకున్నారో ఆ పని జరగడం లేదన్నమాట.

ప్రశ్నలుంటే తీసుకుంటాను.

(సభలోంచి: టికెట్టు విషయంలో ఏం చేస్తే మంచిదో క్లర్కును అడగొచ్చా?)

మీకున్న దారులు ఏమిటని అడగండి, చెబుతారు. పూర్తిచేస్తే టికెట్టు కొట్టేసే డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సుకు అర్హత ఉందా, దానికి ఏ కాగితాలు కావాలి, గడువు ఎప్పుడు, ఇవన్నీ చెప్పడం వాళ్ల పని. ఏ దారి ఎంచుకోవాలో చెప్పమంటే చెప్పరు, చెప్పకూడదు, అది న్యాయ సలహా కిందికి వస్తుంది. ఇంకో జాగ్రత్త: కమర్షియల్ లైసెన్సు ఉన్నవాళ్లకు ఆ కోర్సు దారి లేదు. మిగతావాళ్లకు కూడా ఒకసారి చేశాక 12 నెలల దాకా మళ్లీ కుదరదు, పరిమితి మీద 25 మైళ్లు లేదా అంతకన్నా ఎక్కువ వేగంతో పట్టుబడితే అసలే కుదరదు. కోర్సు అడగాలంటే టికెట్టు మీద ఉన్న హాజరు తేదీలోగానే అడగాలి. డబ్బు కట్టేశాక అడిగితే కేసు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది.